మధ్యయుగ ధర్మశాస్త్రమున కర్షకుడు – కల్యాణ శరణుల సమాధానము



ఈ పర్యాయము మన పాఠమునకు స్వీకరించిన విషయము కర్షకుడు, ధర్మశాసనము. మధ్యయుగమున భూమిని దున్నువాడు న్యాయసభలో ఏ చోట నిలిచియుండెను? శాస్త్రము అతని మాటను వినెనా? వినినచో ఎంతవరకు వినెను? ఎచ్చట చెవి మూసికొనెను? కాయకమును శివపూజగా భావించు మనకు ఇది కేవలము చరిత్ర ప్రశ్న కాదు. పొలము కలవాడును, అప్పిచ్చువాడును, కౌలునకు ఇచ్చువాడును మనలో ఉన్నారు. కావున ఈ పాఠమును శ్రద్ధతో చదువవలెను.

1. కల్యాణపురము – రెండు సందేశములు

నేటి కర్ణాటక రాష్ట్రమున బీదరు జిల్లాలోని బసవకల్యాణమే నాటి కల్యాణపురము. పశ్చిమ చాళుక్య చక్రవర్తి యగు ఆరవ విక్రమాదిత్యుడు దానిని రాజధానిగా చేసికొని 1076 నుండి 1126 వరకు పాలించెను. అతని కాలముననే విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి ‘మితాక్షర’ యను వ్యాఖ్యను రచించి, గ్రంథాంతమున ఆ పురమును, ఆ రాజును కొనియాడెను. విక్రమాదిత్యుడు గతించిన కొన్ని దశాబ్దములకు కలచురి బిజ్జలుడు అచ్చటనే అధికారము చేపట్టెను. అతని భాండాగారమునకు అధికారియై బసవేశ్వరుడు ఆ పురమున నిలిచెను. ఒకే పురము నుండి రెండు సందేశములు వెలువడినవి: ఒకటి శాస్త్రకారునిది, రెండవది శరణులది.

ఈ రెండును తెలుగునాటికి చేరినవి. తిక్కన సోమయాజికి దశకుమారచరిత్రమును అంకితమిచ్చిన కేతన, 13వ శతాబ్దమున మితాక్షరను ‘విజ్ఞానేశ్వరీయము’ అను పేర తెలుగు పద్యములలో సంగ్రహించెను. తెలుగున వెలసిన తొలి న్యాయశాస్త్ర గ్రంథమదియే. పాల్కురికి సోమనాథుడు బసవేశ్వరుని చరిత్రమును ‘బసవపురాణము’గా ద్విపదలో రచించి పల్లెపల్లెకు చేర్చెను.

మితాక్షర పండితుల పెట్టెలలో నిలిచిపోయిన గ్రంథము కాదు. ఆంగ్లేయుల పాలనలో మద్రాసు రాజధానియందలి న్యాయస్థానములు హిందువుల ఆస్తి తగవులకు దానినే ప్రమాణముగా గైకొన్నవి. విశాఖపట్టణము, విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములలో మన తాతముత్తాతల పొలములు ఆ సూత్రముల ననుసరించియే పంచబడినవి. తండ్రి పొలమున కుమారునికి పుట్టుకతోడనే వాటా కలదను నియమము దానినుండి వచ్చినదే. కుమార్తెకు అట్టి వాటా మన రాష్ట్రమున 1980 దశకమునను, దేశమంతటను 2005లోను చట్టము ద్వారా లభించినది. కనుక మితాక్షరను గూర్చి తెలిసికొనుట మన యింటి దస్తావేజును గూర్చి తెలిసికొనుటయే.

2. భూమి ఎవరిది?

రాజు భూమికి యజమానుడా? ఈ ప్రశ్నను మీమాంసకులు విశ్వజిత్తు యాగ ప్రస్తావనలో విచారించిరి. ఆ యాగమున యజమానుడు తన సర్వస్వమును దానము చేయవలెను. రాజే యాగము చేసినచో భూమండలమును కూడ దానమీయవచ్చునా? ఈయరాదని జైమిని నిర్ణయము. భూమి ఎల్లవారికిని సమానమైనది. రాజు భూమిని రక్షించును గనుక పంటలో భాగము పొందును, పొలములకు మాత్రము అందలి మనుష్యులే స్వాములని శబరుని వ్యాఖ్య. తరువాత 17వ శతాబ్దమున నీలకంఠుడు సైతము, దేశమును జయించిన రాజునకు పన్ను గొను హక్కే వచ్చును గాని ఇండ్లపైని, పొలములపైని యాజమాన్యము రాదని చెప్పెను.

పొలము చేతులు మారుటకు మితాక్షర ఆరు అంగములను పేర్కొన్నది. గ్రామస్థుల సమ్మతి, జ్ఞాతుల సమ్మతి, ఇరుగుపొరుగు పొలములవారి సమ్మతి, దాయాదుల సమ్మతి. వీటితో పాటు బంగారమును, నీటిధారను ఇచ్చుట. గ్రామస్థుల సమ్మతి ఎందుకు? వారు ఒప్పుకొననిచో క్రయము చెల్లదని కాదు. వ్యవహారము బహిరంగమగుటకని విజ్ఞానేశ్వరుడు వివరించెను. పొరుగువారి సమ్మతి హద్దుల తగవు రాకుండుటకు. భూమి రహస్యముగా చేతులు మారరాదని, దాని చుట్టునున్నవారికి ఆ మార్పు తెలిసియుండవలెనని దీని భావము.

3. పొలిమేర తగవున కర్షకుని సాక్ష్యము

రెండు పొలములకో, రెండు గ్రామములకో హద్దు తగవు వచ్చినచో తేల్చువారెవరు? యాజ్ఞవల్క్యుడు చెప్పిన సాక్షులను గమనింపుడు: పొరుగు పొలములవారు, వృద్ధులు, పశువుల కాపరులు, హద్దున దున్నువారు, అడవిలో తిరుగువారు. ఇందు పండితుడు లేడు, అధికారి లేడు. నేలను కాలితో ఎరిగినవాడే ఇచ్చట ప్రమాణము. వారు చూపవలసిన గురుతులు కూడ నేలలోనివే: మిట్ట, పల్లము, చెట్టు, పుట్ట, గట్టు, పాతిపెట్టిన బొగ్గులు, ఊక, ఎముకలు. బొగ్గును చెద తినదు, ఊక త్వరగా చివుకదు. కావుననే పూర్వులు వాటిని హద్దున పాతెడివారు.

గురుతులు దొరకనిచో పొరుగు గ్రామములవారు నలుగురో, ఎనమండుగురో, పదిమందియో ఎర్రని పూలమాలలు, ఎర్రని బట్టలు ధరించి, మట్టిని తలపై మోయుచు హద్దు వెంట నడచి చూపవలెను. అబద్ధమాడినచో ఒక్కొక్కనికిని దండనము కలదు. నడచువారును లేక, గురుతులును లేనప్పుడు మాత్రమే రాజు నిర్ణయింపవలెను. అనగా ఈ విషయమున రాజు మాట చివరిది, కర్షకుని మాట మొదటిది.

ఇంతేకాదు. కర్షకులు, వర్తకులు, పశుపాలకులు, వడ్డీ వ్యాపారులు, శిల్పులు తమ తమ వర్గములలో నియమములు చేసికొను అధికారము కలవారని గౌతమ ధర్మసూత్రము చెప్పుచున్నది. ఒక వర్గపు వ్యవహారమును రాజు తీర్చునపుడు ఆ వర్గపు పెద్దల వలన సంగతి తెలిసికొని తీర్చవలెను. కనుక దున్నువాడు శాసనమునకు లోబడువాడు మాత్రమే కాడు. కొంతమేరకు శాసనకర్త కూడ.

4. చెరువు, పశువు, బీడు

వ్యవసాయమునకు సంబంధించిన నియమములు అనుభవమునుండి పుట్టినవే. ఇతరుని పొలమున గట్టు వేసినచో అతనికి నష్టము స్వల్పమై, పలువురకు మేలు అధికమైనచో ఆ గట్టును అడ్డగింపరాదు. స్వల్పమైన చోటు ఆక్రమించి సమృద్ధిగా నీరిచ్చు నూతికిని ఇదే న్యాయము. కాని పొలము యజమానునికి చెప్పకుండ గట్టు కట్టినచో దానివలని ఫలము కట్టినవానికి గాక పొలము స్వామికే చెందును. మేలు చేయువాడు సైతము అడిగి చేయవలెనని ఇందలి నీతి.

తెలుగునాట ఈ భావమే ‘దశబంధము’గా రూపొందినది. చెరువు త్రవ్వించినవానికో, దానిని బాగుచేయుచుండువానికో ఆ నీటి క్రింది భూమిలో పదియవ వంతు మాన్యముగా ఇచ్చెడివారు. నేటి కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. విజయనగర రాజకుమారుడగు భాస్కర భవదూరుడు నిర్మించిన ఆ చెరువునకు నిత్యము 1000 మంది కూలీలు, 100 బండ్లు పనిచేయగా రెండేండ్లు పట్టెనని దానియందు కలదు. మంచి చెరువునకు కావలసిన 12 అంగములు, తప్పవలసిన 6 దోషములు కూడ ఆ రాతిపై చెక్కబడినవి. ఇది నీటికి సంబంధించిన ధర్మశాస్త్రము.

పశువులు చేను మేసినచో గేదెకు ఎనిమిది మాషములు, ఆవునకు అందులో సగము, మేకకు గొర్రెకు దానిలో సగము దండనము. మేసి అచ్చటనే పరుండినచో రెట్టింపు. ఎంత పైరు చెడినదో అంత ఫలము రైతునకు ఇప్పింపవలెను. అయితే ఈనిన ఆవును, దేవుని పేర విడిచిన ఆబోతును, దారితప్పి వచ్చిన పశువును విడిచిపెట్టవలెను. గ్రామమునకును పొలములకును నడుమ 100 ధనువుల మేర ఖాళీ నేల యుండవలెను. పొలమును సాగునకు తీసికొని, పైపైన దున్ని, పంట పెట్టక విడిచినవాడు, సాగుచేసినచో వచ్చియుండెడి ఫలమును యజమానున కీయవలెను. ఆ పొలమును వేరొకనికి ఈయవలెను. ఈ నియమములను చదివినచో వీనిని చేసినవారు పల్లెను ఎరిగినవారే యని తోచును.

5. అప్పు – అదే గ్రంథమున మరియొక పుట

ఇంతవరకు చదివి సంతోషించిన మనము ఇప్పుడు ఋణాదాన ప్రకరణమును తెరువవలెను.

తాకట్టు పెట్టినచో నెలకు అసలులో ఎనుబదియవ వంతు వడ్డీ. అనగా నూటికి ఒకటింపాతిక. తాకట్టు లేనిచో వర్ణక్రమమున నూటికి నెలకు రెండు, మూడు, నాలుగు, ఐదు. బ్రాహ్మణుడు రెండు, క్షత్రియుడు మూడు, వైశ్యుడు నాలుగు, శూద్రుడు ఐదు ఈయవలెను. అడవిదారులలో వర్తకము చేయువారు పది, సముద్రముపై పోవువారు ఇరువది. లేదా అన్ని జాతులవారును తాము ఒప్పుకొన్న వడ్డీని ఈయవచ్చునని కూడ చెప్పబడినది.

ఇందలి తేడాను గమనింపుడు. తాకట్టు కలదు గనుక వడ్డీ తక్కువ, ఇది యుక్తము. అడవిలో దొంగల భయము, కడలిలో తుపాను భయము కలవు గనుక వడ్డీ ఎక్కువ. ఓడరేవు పట్టణమున నివసించు మనకు దీని యుక్తి తేలికగా బోధపడును. నష్టభయమును తూచి వడ్డీ నిర్ణయించుట శాస్త్రకారునికి తెలియును. కాని రెండు, మూడు, నాలుగు, ఐదు అను లెక్కకు ఏ భయమును ఆధారము కాదు. అదే నేల, అదే వాన, అదే పంట, అదే నూరు మాడల అప్పు. మారినది పుట్టుక మాత్రమే.

లెక్క వేసి చూతము. నూరు మాడల అప్పునకు ఒక యేడాదికి బ్రాహ్మణుడు 24 మాడలు, శూద్రుడు 60 మాడలు వడ్డీ ఈయవలెను. బంగారము అప్పునకు వడ్డీతో కలిసి రెట్టింపునకు మించరాదని, ధాన్యము మూడింతలకు మించరాదని శాస్త్రము హద్దు పెట్టినది. ఇది మంచి హద్దే. కాని ఆ రెట్టింపునకు చేరుటకు ఒకనికి 50 నెలలు పట్టగా, రెండవవానికి 20 నెలలు చాలును. వాన తప్పినది రెండు పంటలే యైనను అతడు హద్దును తాకును.

తీర్పలేనివాని గతి ఏమి? ఇచ్చటను శాస్త్రము రెండు నాలుకలతో పలికినది. నిర్ధనుడైనవాడు హీనజాతివాడైనచో అప్పునకు బదులుగా వానిచేత పని చేయింపవలెను. బ్రాహ్మణుడైనచో రాబడి కలిగిన కొలది మెల్లమెల్లగా ఇప్పించుకొనవలెను. ఒకనికి గడువు, వేరొకనికి వెట్టి. పొలిమేరపై ఎవని మాటను రాజు సైతము విని ఊరకుండవలెనో, ఆ కర్షకుడే అప్పుల పద్దుకు వచ్చుసరికి తన శరీరమును తాకట్టు పెట్టవలసినవాడయ్యెను.

గ్రంథమున నున్నదంతయు ప్రతి పల్లెలోను జరిగెనని భావింపరాదు. తెలుగునాట రాజ్యమేలిన కాకతీయులే తాము చతుర్థ వర్ణమువారమని పలు శాసనములలో చెప్పుకొనిరి. అట్టి దేశమున శాస్త్రములోని మెట్లు యథాతథముగా నిలువవు. కాని గ్రంథము త్రాసును చూపినది. ఆ త్రాసును ఎత్తుకొను బలవంతుడు ప్రతి కాలమునను దొరకును.

6. రాజు, పన్ను, వలస

పంటలో ఆరవ భాగము రాజుదని స్మృతులు చెప్పినను, శాసనములలో కనబడు పన్నుల పేర్లు పెక్కు. అరి, పంగము, దరిశనము, అప్పనము, కానిక మొదలగునవి కాకతీయుల నాటివి. వీనిని వసూలు చేయువాడును, తగవు తీర్చువాడును ఒక్కడే యైనప్పుడు రైతు ఎవనితో మొరపెట్టుకొనవలెను?

అతనికి మిగిలిన మార్గము ఊరు విడుచుట. నేల సమృద్ధిగా నుండి, దున్నువారు తక్కువగా నున్న ఆ కాలమున వలసయే రైతు చేయగల పెద్ద ఫిర్యాదు. ఈ సంగతిని శ్రీకృష్ణదేవరాయలు బాగుగా ఎరిగియుండెను. 1516లో మన సింహాచలమును దర్శించిన ఆ రాయలే ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసమున రాజనీతిని చెప్పుచు, రాజ్యము చిన్నదైనను చెరువులు, కాలువలు త్రవ్వించి, పేదరైతునకు కోరు తగ్గించి ఇచ్చినచో ధర్మమును, ధనమును రెండును వృద్ధియగునని తెలిపెను. బాధపడి వలసపోవు ప్రజలను మరల పిలువక, వారి పశువులను, ధాన్యమును అమ్ముకొన జూచు అధికారిని యుద్ధభూమిలోని నక్కతో పోల్చెను. అట్టి అధికారి గల రాజునకు ఏడు దీవులు ఏలినను శ్రేయస్సు లేదని ఆయన తీర్పు. ఒక చక్రవర్తి తన ఉద్యోగులను గూర్చి చెప్పిన మాట యిది.

7. శైవ మఠమునకు భూమి వచ్చినప్పుడు

అధికారము రాజు చేతిలో నున్నప్పుడు విమర్శించుట సులువు. మన చేతికి వచ్చినప్పుడు ఏమి చేసితిమి? 1261 నాటి మల్కాపురం శాసనము దీనికొక సాక్ష్యము. కాకతి గణపతిదేవుడు తన గురువగు విశ్వేశ్వర శంభువునకు కృష్ణాతీరమున మందడము గ్రామమును ఇచ్చెను. రుద్రమదేవి ఆ దానమును ధారపోసి, వెలగపూడి గ్రామమును కూడ ఇచ్చెను. ఆ ఆచార్యుడు గోళకీమఠ సంప్రదాయమునకు చెందిన శైవుడు, వీరశైవుడు కాడు. అయినను శివభక్తులందరును గర్వింపదగిన కార్యము చేసెను. ఆ గ్రామముల ఆదాయమునుండి ఆలయమునకు, విద్యార్థులకు, ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రమునకు భాగములు ఏర్పరచెను. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చినవారందరికిని అన్నము పెట్టవలెనని నియమించెను.

దున్నినవాని చెమటనుండి వచ్చిన ధాన్యము కాన్పుకు వచ్చిన స్త్రీకి, రోగికి, ఆకలిగొన్నవానికి చేరినది. భూమి గల సంస్థ ఎట్లుండవలెనో ఆ రాతి మీద నున్నది. అయితే ఆ శాసనమున భాగములు పొందువారి పట్టిక కలదు గాని, దున్నినవారికి ఎంత మిగులవలెనను నియమము ప్రధానముగా కనబడదు. దాతృత్వము గొప్పదే, కాని పంచిన వానిని స్తుతించునపుడు పండించినవానిని మరువరాదు.

8. శరణుల సమాధానము

ఇప్పుడు కల్యాణమునకు తిరిగి రండు. శరణులు మితాక్షరకు పోటీగా వేరొక న్యాయగ్రంథము వ్రాయలేదు. వడ్డీల పట్టిక తయారుచేయలేదు. వారు చేసినది వేరు. త్రాసు పళ్లెమునుండి పుట్టుక అను రాయిని తీసివేసిరి.

ఇష్టలింగమును ధరించినవాడు పూర్వజాతిని విడిచినవాడు. అతనిని తూచుటకు మిగిలినవి రెండే: కాయకము, దాసోహము. శరణ గోష్ఠిలో చాకలి మాచయ్య కలడు. త్రాళ్లు పేనిన నులియ చందయ్య కలడు. వ్యవసాయమునే కాయకముగా చేసికొని వచనములు చెప్పిన ఒక్కలిగ ముద్దణ్ణ కలడు. హద్దు తగవులో మాత్రమే వినబడిన కర్షకుని గొంతు ఇచ్చట శివతత్త్వ విచారమున వినబడినది. సాక్షిగా నిలిచినవాడు గురువుల సరసన కూర్చుండెను.

అయిదక్కి మారయ్య, లక్కమ్మల కథ ఈ పాఠమునకు మిక్కిలి అవసరము. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు ఎప్పటికంటె అధికముగా తెచ్చెను. అది తమకు అక్కరలేదని, మిగిలినదానిని తెచ్చిన చోటనే వేసిరమ్మని లక్కమ్మ భర్తను మందలించెను. ఆ బియ్యము దొంగిలించినది కాదు. ఏ శాసనమును దానిని తప్పుపట్టదు. అయినను అవసరమునకు మించి గైకొనుట కాయకము కాదని ఆమె నిర్ణయము. శాస్త్రము ‘ఇంతకు మించరాదు’ అని హద్దు పెట్టును. శరణి ‘ఇది చాలును’ అని తనకు తానే హద్దు పెట్టుకొనెను. శాస్త్రపు హద్దు ఋణదాత యందలి లోభమును ఆపలేదు, దానికి ఎల్లను మాత్రమే చూపినది. లక్కమ్మ ఆ లోభమునే ఆపినది.

ఈ సమాధానమునకు వెల కూడ చెల్లింపబడినది. పాదరక్షల కాయకము చేయు కుటుంబములో పుట్టిన హరళయ్యకును, బ్రాహ్మణ కుటుంబములో పుట్టిన మధువయ్యకును వియ్యము కలిసినదని, అది వర్ణధర్మమునకు విరుద్ధమని బిజ్జలుడు వారిని క్రూరముగా శిక్షించెనని శరణ సంప్రదాయము చెప్పుచున్నది. 1167 ప్రాంతమున బిజ్జలుని పాలన ముగిసినది, శరణులు కల్యాణమును విడిచి చెదరిపోయిరి. పెండ్లిని పుట్టుకతో తూచిన త్రాసును, అప్పును పుట్టుకతో తూచిన త్రాసును వేరు కావు. ఒకదానిని పడద్రోసినవారిని రెండవది క్షమింపలేదు.

9. నేడు ఆ త్రాసు ఎవరి చేతిలో నున్నది?

వర్ణమునుబట్టి వడ్డీ నిర్ణయించు శాసనము నేడు లేదు. రాజ్యాంగము 14వ అధికరణము ద్వారా చట్టము ముందు అందరును సమానులని ప్రకటించినది. మధ్యయుగపు మంచి సూత్రములు కొన్ని క్రొత్త రూపమున తిరిగి వచ్చినవి. మన విశాఖ ఉక్కు కర్మాగారమునకు 1971 జనవరి 20న శ్రీమతి ఇందిరాగాంధి శంకుస్థాపన చేసిరి. దాని భూసేకరణ కాలమున అమలులో నున్నది 1894 నాటి చట్టము. పొలము గలవానికి పరిహారము దొరకినను, ఆ పొలమును నమ్ముకొని బ్రతుకు కౌలుదారుని, కూలివానిని అది దాదాపు చూడలేదు. 2014 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన 2013 నాటి చట్టము, భూమిపై ఆధారపడిన కౌలుదారులను, వ్యవసాయ కూలీలను, చేతివృత్తులవారిని బాధిత కుటుంబములుగా గుర్తించినది. ప్రైవేటు సంస్థలకై సేకరించునపుడు నూటికి 80 మంది సమ్మతి కావలెనన్నది. ఊరివారికి తెలియక భూమి చేతులు మారరాదను పూర్వపు భావమునకు ఇది దగ్గరి చుట్టము.

కాని ఒక త్రాసు మాత్రము ప్రభుత్వము చేతిలో లేదు. అది మన చేతిలోనే యున్నది.

ఓడరేవులోను, కర్మాగారములోను, కార్యాలయములలోను ఉద్యోగములు చేయు మనలో పలువురకు చోడవరము, పాలకొండ, బొబ్బిలి వైపు పల్లెలలో పొలములు కలవు. వాటిని దున్నువాడు వేరొకడు. పట్టాదారు పుస్తకము మన పెట్టెలో నున్నది. దానిని చూపి బ్యాంకులో పంట ఋణము తక్కువ వడ్డీకి పొందగలవారము మనము. నేలను ఎరిగిన కౌలురైతు చేత ఆ పుస్తకము లేదు గనుక, అతడు పల్లెలో నూటికి మూడో, ఐదో వడ్డీకి తెచ్చుకొనవలెను. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పంట సాగుదారుల హక్కుల చట్టమును చేసినది. యజమానుని హక్కునకు భంగము లేకుండ 11 నెలల ఒప్పందముపై సాగుదారునకు కార్డు ఈయవలెనని, దానికి యజమానుని సంతకము కావలెనని అందు నిర్ణయింపబడినది. ఆ సంతకము చేయుటకు భయపడి వెనుకాడిన యజమానులు అనేకులు.

శరణులారా! ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆలోచింపుడు. పొలము గలవానికి రెండు, దున్నువానికి ఐదు. మితాక్షర ఋణప్రకరణములోని లెక్కయే ఇది. నాడు పుట్టుక దానిని నిర్ణయించెను. నేడు కాగితము నిర్ణయించుచున్నది. నాడు ఆ లెక్కను వ్రాసినవాడు శాస్త్రకారుడు. నేడు సంతకము చేయనిచో దానిని వ్రాయువారము మనమే.

బసవేశ్వరుని పటమునకు పూలమాల వేయుట సులభము. కౌలురైతునకు ఒప్పంద పత్రము వ్రాసి ఇచ్చుట, తుపానుకు పైరు పడిపోయిన యేడు కౌలు తగ్గించుట, చేబదులు ఇచ్చినప్పుడు ‘ఇది చాలును’ అనగలుగుట – ఇవి దాసోహమునకు నేటి రూపములు. దాసోహమనగా పంక్తిలో అన్నము వడ్డించుట మాత్రమే కాదు. ఆ అన్నమును పండించినవాని పళ్లెమును ముందు చూచుట.

మధ్యయుగ ధర్మశాస్త్రము మనకు నేర్పునది ఇది: హద్దును తెలిసికొనుటకు దున్నువాని నడుగుము. కల్యాణ శరణులు నేర్పునది ఇది: అడిగిన పిమ్మట, అతనిని వేరు త్రాసుతో తూచకుము. ఈ రెండు పాఠములును కలిసిననే ధర్మము పూర్ణమగును.

అధ్యయన గోష్ఠికి ప్రశ్నలు

1. పొలము చేతులు మారుటకు మితాక్షర చెప్పిన ఆరు అంగములేవి? గ్రామస్థుల సమ్మతి యెందులకు?

2. హద్దు తగవున కర్షకుని మాటకు గల విలువ, అప్పు విషయమున అతనికి జరిగిన అన్యాయము – ఈ రెండును ఒకే గ్రంథమున ఎట్లు ఇమిడినవి? చర్చింపుడు.

3. సముద్ర వర్తకునికి నూటికి ఇరువది, శూద్రునికి నూటికి ఐదు అను రెండు వడ్డీలకును గల కారణములలోని భేదమును వివరింపుడు.

4. లక్కమ్మ చూపిన హద్దుకును, శాస్త్రము పెట్టిన హద్దుకును తేడా యేమి?

5. మీ కుటుంబమునకు పొలము కలదేని, దానిని దున్నువాని పేరు మీ యింటి పిల్లలకు తెలియునా? అతడు తెచ్చుకొను అప్పునకు వడ్డీ యెంత? ఈ ప్రశ్నకు జవాబును గోష్ఠిలో చెప్పనక్కరలేదు. ఇంటిలో తెలిసికొనిన చాలును.

శరణు శరణార్థి.